తిప్పేవాళ్లు లేని చక్రం

నేను గేటు వాల్వును. పుట్టింది జలంధర్‌లో. మన దేశంలో వాల్వులూ కుళాయిలూ పోతపోసే ఊళ్లలో దానికి పెద్ద పేరు. నాది గన్‌మెటల్ ఒళ్లు: రాగి ఎక్కువ, తగరం, జింకు, సీసం కాస్త కాస్త. వీపున ఐ.ఎస్. 778 ముద్ర ఉంది. తెల్లటి పెచ్చు కట్టి కంటికి కనపడదు గానీ, వేలితో తడిమితే తగులుతుంది.

నన్ను హైదరాబాదులో ఓ ఐదంతస్తుల అపార్టుమెంటు మేడ మీద బిగించారు. ఇక్కడ ఒక్కో ఫ్లాటుకు ఒక్కో లైను, ఒక్కో లైనుకు ఒక్కో వాల్వు. నా లైను రెండో అంతస్తుకు దిగుతుంది. ట్యాంకులో కొన్నాళ్లు మంజీరా నీళ్లు, కొన్నాళ్లు బోరు నీళ్లు. నా పేచీ అంతా బోరు నీళ్లతోనే. స్పిండిల్ మరల్లో గారలా పట్టేసేవి అవే.

నా కడుపులో ఒక పలక ఉంటుంది. చక్రం తిప్పితే అది దిగి దారి మూస్తుంది, వెనక్కి తిప్పితే లేచి పూర్తిగా తప్పుకుంటుంది. సగం తెరిచి ఉంచడానికి నేను కుళాయిని కాను. అలా ఉంచితే నీటి విసురుకు పలక అదురుతుంది, అంచు అరుగుతుంది, తర్వాత మూసినా నీళ్లు ఆగవు. నా గురించి తెలుసుకోవలసింది ఇంతే. ఇంటివాళ్లకు ఈ మాత్రం కూడా తెలియదు. గృహప్రవేశం నాడు తెరిచారు, అంతే. వడియాలు పెట్టుకోవడానికి వచ్చేవారు. ఓ వేసవిలో నా చక్రానికి బట్టలారేసే తాడు కూడా కట్టారు.

ఆ వేసవిలోనే వరంగల్లో పెళ్లికి వెళ్లారు. గ్యాసు ఆపారు, తాళం లాగి లాగి చూశారు. నా సంగతి ఎవరికి గుర్తొస్తుంది? మధ్యాహ్నం వేళ, ఇంట్లో గీజరు కింది కనెక్షన్ పైపు పగిలింది. ఎండాకాలం గీజరు వాడరు కదా అనుకోవద్దు. వాడినా వాడకపోయినా పైపు మీద ఒత్తిడి ఉండనే ఉంటుంది. పది మీటర్ల ఎత్తున నీళ్లుంటే కింద చదరపు సెంటీమీటరుకు కిలో బరువు. మా ట్యాంకు వాళ్ల గీజరుకు అంతకంటే ఎత్తులోనే ఉంది.

మెట్ల మీద నీళ్లు చూసి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులా పట్టి తిప్పాడు. నేను కదలలేదు. మొండితనం కాదు, చేతకాలేదు. పానా వేసి లాగితే చక్రం విరిగి అతని చేతిలోకొచ్చింది. వెంటనే మోటారు ఆపాడు, అది తెలివైన పనే. కానీ ట్యాంకులో ఉన్న నీళ్లన్నీ ఆ ఇంట్లోకే పోయాయి. ప్లైవుడ్ అల్మారాల అడుగులు ఉబ్బాయి. కింది ఇంట్లో సీలింగు లైట్లలోంచి నీళ్లు కారాయట.

మర్నాడు ప్లంబరు వచ్చాడు, పెద్దాయన. పగిలిన పైపును మేడ మీదికి తెచ్చి అందరికీ చూపించాడు. పైన స్టీలు అల్లిక, లోపల రబ్బరు గొట్టం. అల్లిక తుప్పుపట్టి ఒకచోట తెగింది.

"ఈ మచ్చలు కనపడ్డప్పుడే మార్చుంటే కొన్ని వందలతో పోయేది సార్."

ఇంటాయన నా వైపు చూశాడు. "దీన్ని కూడా పీకేసి కొత్తది వేసెయ్."

"ఆగండి సార్. దీని ఒళ్లు మంచిదే."

ఆ ముక్కకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను. స్పిండిల్‌కు నూనె పట్టించి, కాసేపు వదిలేసి, పావు చుట్టు అటూ పావు చుట్టు ఇటూ, తొందరపడకుండా లొంగదీశాడు. గ్లాండ్ నట్టు విప్పి, ఎండిపోయిన నూలు తీసి కొత్తది చుట్టాడు. విరిగిన చక్రం బదులు కొత్తది బిగించాడు. ఆరు నెలలకోసారి పూర్తిగా మూసి మళ్లీ పూర్తిగా తెరవమన్నాడు. తెరిచాక చివర్లో పావు చుట్టు వెనక్కి తిప్పితే పట్టేయదట. ఊరెళ్తే మూసి వెళ్లమన్నాడు.

కింది ఇంటావిడ కూడా అక్కడే ఉంది. వాళ్ల బాత్రూం కప్పుకు ఎప్పటినుంచో నెమ్ము. పుట్టీ పెట్టి రంగేస్తారు, కొన్నాళ్లకు మళ్లీ ఉప్పు పొంగుతుంది. ఆ గొడవతో రెండిళ్లకూ మాటలు పోయాయి.

"పగలూ రాత్రీ ఒకేలా తడుస్తుందా అమ్మా?"

"లేదు, పొద్దున స్నానాలయ్యాకే ఎక్కువ."

"అయితే నీళ్లొచ్చే పైపు కాదు. ఆ పైపులో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, అది కారితే వేళాపాళా ఉండదు. పైన టైల్సు సందులు పోయుంటాయి. సార్, నేలకు యాసిడ్ పోస్తారా?"

ఇంటాయన భార్య వైపు చూశాడు. ఆవిడ మేడ మీది మొక్కల వైపు చూసింది. యాసిడ్ మరకల్ని వదిలిస్తుంది, దాంతోపాటు సందుల్లోని సిమెంటునూ తినేస్తుంది. నహానీ ట్రాప్ చుట్టూ సందులన్నీ తవ్వి మళ్లీ నింపాల్సి వచ్చింది.

ఇప్పుడు ఉగాదికీ దసరాకీ ఇంటాయన పైకొచ్చి నన్ను తిప్పుతున్నాడు. ఎటు తిప్పితే మూసుకుంటుందో ప్రతిసారీ వాచ్‌మన్‌నే అడుగుతాడు, అది వేరే సంగతి.

నా పక్క వాల్వు యజమాని డల్లాస్‌లో ఉంటాడు, ఇల్లు అద్దెకిచ్చాడు. దాని గ్లాండు దగ్గర సెకనుకో చుక్క, అంటే రోజుకు నాలుగు లీటర్లకు తక్కువుండదు. సెక్రటరీ ఫోన్ చేస్తే, సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దామన్నాడు. మొన్న ప్లంబరు దాని చక్రం మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. "ఓనరు చెప్పకుండా తిప్పితే, విరిగాక నా మెడకు చుట్టుకుంటుంది" అని సంచీ సర్దుకుని కిందికి దిగిపోయాడు.