నీళ్ల మీద ఓ ఇంటి ఓనరు అభియోగం

నీళ్లు రావట్లేదని ఫిర్యాదు చేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఖాళీ బిందెలతో రోడ్డెక్కుతారు, పేపర్లో ఫొటో పడుతుంది, అదృష్టం బాగుంటే సాయంత్రానికి ట్యాంకరొస్తుంది. వచ్చిన నీళ్ల నడవడిక మీద ఫిర్యాదు చేద్దామంటే మాత్రం ఏ ఆఫీసులోనూ కౌంటరు లేదు. అందుకని సొంత ఇల్లు, సొంత బోరు, సొంత గీజరు, సొంత చెమ్మగోడ కలిగిన గృహస్థుగా నా అభియోగాన్ని ఇక్కడే దాఖలు చేసుకుంటున్నాను. ప్రతివాది: నీరు. నివాసం: ప్రస్తుతం నా పడకగది సీలింగు. పాత నేరం: పంచభూతాల్లో ఒకటిగా వేల ఏళ్లు చెలామణీ అయింది. అది మూలపదార్థం కాదు, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే పుట్టిన సంకరమని 1783లో పారిస్‌లో లవాయిజే బయటపెట్టేదాకా ఆ దొంగపేరుతోనే బతికింది.

ప్రతివాది తరఫు వకీలు మా పై వాటాలో అద్దెకుంటున్న రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరరు. ఆయన్ని ఎవరూ పెట్టుకోలేదు. నేను మెట్ల దగ్గర గొణిగిన ప్రతిసారీ తనంతట తానే దిగొచ్చి వాదిస్తారు. ఆయన బాత్రూము సరిగ్గా నా పడకగది నెత్తిన ఉందన్న సంగతి విచారణలో ఎవరూ మరిచిపోకూడదని మనవి.

ముందు దీని బరువు సంగతి చూడండి. తాగే నీళ్ల క్యాను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. లిఫ్టు లేని ఇంట్లో దాన్ని మోసేది నేను. అసలు నీళ్లు నీళ్లుగా ఉండటమే అక్రమం. దాని అణుభారం 18. గాలిలో ఉన్న నత్రజనికి 28, ఆక్సిజన్‌కి 32. అంత బరువైనవి హాయిగా తిరుగుతుంటే, వాటికంటే తేలికైనది వచ్చి క్యానులో కూర్చుంది! ఆక్సిజన్ స్థానంలో గంధకం ఉన్న దీని దగ్గరి చుట్టం హైడ్రోజన్ సల్ఫైడ్, భారం 34 అయినా మైనస్ 60 డిగ్రీలకే మరిగి వాయువైపోతుంది. ఆ లెక్కన నీళ్లు ఇంకా గడ్డుచలిలోనే ఆవిరైపోవాలి. ఇది 100 డిగ్రీలదాకా మొండికేస్తుంది.

దానికి వకీలుగారి సంజాయిషీ ఇదీ. ఆక్సిజన్‌కి అటూ ఇటూ రెండు హైడ్రోజన్లు తిన్నగా నిలబడి ఉంటే ఏ గొడవా లేదట. కానీ 104.5 డిగ్రీల కోణంలో వంగి కూర్చున్నాయి. ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ తనవైపు లాక్కోవడంతో అటు కాస్త ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం తేలాయి. ఇక ఒక అణువు హైడ్రోజన్ పక్కదాని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఈ హైడ్రోజన్ బంధం సెకనులో లక్షకోటో వంతులో తెగుతుంది, వెంటనే మరొకదానితో కలుస్తుంది. జత మారుతూనే ఉన్నా ఆట ఆగని కోలాటమన్నమాట. "ఆ పట్టు లేకపోతే సముద్రాలుండవు, మీ ఒంట్లో రక్తముండదు, ఫిర్యాదు చేయడానికి మీరూ ఉండరు ఓనరుగారూ" అన్నారు. చెప్పడం బాగానే చెప్పారు. క్యాను మాత్రం పట్టలేదు.

గ్యాసు బండ త్వరగా అయిపోవడం వెనకా ఈ పట్టుదలే ఉంది. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కేలరీ కావాలి. ఇనుముకు అందులో తొమ్మిదో వంతు చాలు, నూనెకు దాదాపు సగం. అంటే పెనం, నూనె మర్యాదగా వేడెక్కుతుంటే, నీళ్లు ఆ వేడంతా తిని బంధాలు వదులు చేసుకునే పనిలో ఉంటాయి. మరిగాక కూడా తృప్తి లేదు. గ్రాము నీరు ఆవిరి కావడానికి ఇంకో 540 కేలరీలు కావాలి. మంచుచల్లని స్థితి నుంచి మరిగేదాకా పట్టినదానికి అయిదు రెట్లకు పైన. మా వకీలుగారు దీన్నీ సుగుణమే అంటారు. మే నెలలో రామగుండం మాడిపోతుంటే విశాఖకు కాస్త ఊపిరాడేది సముద్రం అంత వేడి తిని కూడా చప్పున వేడెక్కదు కాబట్టేనట. లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పట్టుకుపోతుందట. అందుకే ఎండలో మన నెత్తురు ఉడికిపోదు. విశాఖ చల్లగా ఉండటం నాకూ ఇష్టమే. ఆ ఖర్చు నా గీజరు బిల్లులో ఎందుకు పడాలన్నదే నా ప్రశ్న. చెమట మాటెత్తితే, విజయవాడ ఉక్కలో అది ఆవిరి కాకుండా చొక్కాకు అంటుకునే కూర్చుంటుంది; దానికి ఆయన దగ్గర గాలిలో తేమ ఎక్కువన్న పాత జవాబే ఉంది.

ఇక అసలు కేసుకొస్తాను. దీని చేతివాటం. ఏది కనిపిస్తే అది కరిగించి జేబులో వేసుకుంటుంది. వానచినుకుగా దిగుతూనే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లమవుతుంది. నేలలోకి ఇంకి సున్నపురాయిని కాల్షియం బైకార్బొనేట్‌గా కరిగించుకుంటుంది. మా బోరులోంచి పైకొచ్చేటప్పుడు గాజులా తేటగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. గీజరులో వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ జారుకుంటుంది, రాయి మళ్లీ రాయిగా తేలి కాయిలుకు పేరుకుంటుంది. తాండూరు నాపరాయిని డబ్బులిచ్చి నేలకు పరిపించుకున్నాను. గీజరులో మాత్రం ఇది అడగకుండానే పరుస్తోంది. షవరు బెజ్జాలు పూడిపోయాయి. బకెట్లకు తెల్లచారలు. సబ్బు ఎంత రుద్దినా నురగరాదు. అది కాల్షియంతో కలిసి బురదలా తేలిపోతుంది. కందిపప్పు మూడు విజిల్స్ తర్వాత కూడా పలుకుగానే ఉంటోందని మా ఆవిడ రోజూ నన్నే అంటుంది, బోరు వేయించింది నేనే కాబట్టి. ఫిల్టరు అమ్మడానికొచ్చినవాడు మీటరు ముంచి, అంకె చూసి, నా వంక పరామర్శకొచ్చినవాడిలా చూశాడు. మన జాతీయ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చు. మాది సర్దుకునే కుటుంబం.

ఈ గుణం ఎప్పుడూ నవ్వులాటగా ఉండదు. నల్లగొండలో గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడును కరిగించుకొచ్చి బోర్లలో పోసింది ఈ నీళ్లే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన ఊళ్లలో పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల ఎముకలు బిగుసుకుని నడుములు వంగిపోయాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును కిందికి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పేరే ఉండిపోయింది. ఒక ఊరికి దక్కాల్సిన కీర్తి కాదది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడును పట్టి కింద కూర్చోబెడుతుంది, తక్కువైన చోటే ఫ్లోరైడు రెచ్చిపోతుంది. ఇది విన్న తర్వాత కాయిలు మీది సున్నాన్ని తిట్టేటప్పుడు నా గొంతు కాస్త తగ్గింది. మానలేదు.

"కరిగించకపోతే ఎలా?" అంటారు మా వకీలు మాస్టారు. నాడి కొట్టుకోవడానికి సోడియం, పొటాషియం అయాన్లు కదలాలి. తిన్నదాంట్లో గ్లూకోజు ప్రతి కణానికీ చేరాలి, యూరియా కిడ్నీలదాకా వెళ్లి బయటపడాలి. రాళ్లను కరిగించగల ద్రవం కాబట్టే ఇవన్నీ మోస్తోందట.

అంత కరిగించే మహానుభావురాలైతే ఆవకాయ కలిపిన పళ్లెం మీది నూనెను ఎందుకు ముట్టుకోదు? రాయిని వదలని నోటికి జిడ్డు చేదా? ఈ ప్రశ్న వేసి గెలిచాననుకున్నాను. మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. కొవ్వు అణువులకు ఆవేశాల తేడా లేదు కాబట్టి నీళ్లు వాటిని తమ పట్టులోకి రానివ్వవు, అవన్నీ ఒకచోటికి గుమిగూడతాయి. మన కణాల చుట్టూ ఉన్న పొరలు కట్టుకున్నది ఆ వెలి వల్లే: తోకలు లోపలికి, నీటిని ఓర్చుకునే తలలు బయటికి, రెండు వరసలు. ప్రొటీన్లు ముడుచుకుని ఆకారం తెచ్చుకునేదీ చాలామట్టుకు అలాగే. నీళ్లకు నూనెను కూడా కరిగించే గుణముంటే పళ్లెం ఒక్క తడుపుతో తళతళలాడేది, దాన్ని తోమే మనిషి మాత్రం కాలవలో కలిసిపోయేవాడు. ఆ పూట పళ్లేలు తోమే వంతు నాదే కాబట్టి ఈ జవాబు నాకు ఏమాత్రం ఊరటనివ్వలేదు.

ఫ్రిజ్‌లో గాజు సీసా పగిలిన కేసు మీద ఎక్కువ కాలయాపన చేయను. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా చిక్కగా ఉండి, గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. అందుకే మంచు తేలుతుంది. శీతాకాలం శ్రీనగర్ దాల్ సరస్సు పైన గట్టిపడినా అడుగున చేపలు బతుకుతాయి. కాశ్మీరు చేపలకు నా శుభాకాంక్షలు. సీసా మా అత్తగారిది.

మిగిలింది సీలింగు. పై బాత్రూములో పోసిన నీళ్లు కిందికి రావడం గురుత్వాకర్షణ, ఒప్పుకుంటాను. కిందికొచ్చినవి అక్కడాగకుండా గోడ పట్టుకుని అడ్డంగా, నిలువుగా పాకడమేమిటి? సిమెంటులో సన్నటి రంధ్రాలుంటాయి, వాటి అంచులను పట్టుకుని, వెనకవాళ్లను లాక్కుంటూ నీళ్లు ఎక్కుతాయి. వెళ్తూ గోడలోని ఉప్పును కరిగించుకుని, ఆరేచోట దాన్ని తెల్లగా వదిలి పెచ్చులు ఊడగొడతాయి. మాస్టారు దీనికి తాటిచెట్టును సాక్షిగా పిలిచారు. మోటారు పీల్చి లాగే నీళ్లు 10 మీటర్లు దాటి ఎక్కవు, అది గాలి ఒత్తిడి హద్దు. తాటిచెట్టు 20 మీటర్లు దాటినా దాని మొవ్వుకు నీళ్లందుతాయి, కరెంటు బిల్లు లేకుండా. ఆకుల్లో నీరు ఆవిరవుతుంటే, ఒకదాన్నొకటి పట్టుకున్న అణువుల గొలుసు మొత్తం వేళ్లదాకా పైకి లాగబడుతుందని 1894లోనే డిక్సన్, జోలీ చెప్పారు. "గోడ మీద మీరు చూస్తున్నది, అడవులను నిలబెట్టిన శక్తి తాలూకు తమ్ముడు" అన్నారాయన, కొంచెం గద్గదంగా.

నేను కదిలిపోలేదు. వాటర్‌ప్రూఫింగు మేస్త్రీ ఇచ్చిన అంచనాలో సగం ఆయన భరించాలని కాగితం రాసి పంపాను. గండిపడిన గ్రౌటింగును నెలల తరబడి పట్టించుకోనిది ఆయనే మరి. మర్నాడు చక్కటి చేతిరాతతో జవాబొచ్చింది: చెమ్మకు కారణం హైడ్రోజన్ బంధమనీ, అది అద్దెకున్నవారి ఆధీనంలో లేదనీ, పైగా బోరునీళ్ల సున్నం వల్ల తమ గీజరూ పాడైంది కాబట్టి ఈ నెల అద్దెలో ఆ మేరకు తగ్గించుకుంటున్నామనీ. కిందే తిరుగుటపాలో రాశాను: అయ్యా, అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది హైడ్రోజన్ బంధం కాదు, మీరు. మేస్త్రీ సోమవారం వస్తాడు. బాత్రూము ఖాళీ చేసి పెట్టండి.