పల్లీ పడని పిల్లకి వేరే బల్ల

మా రోజుల్లో బడికి ప్రహరీ ఉంటేనే గొప్ప. ఇప్పుడు మా మనవరాలి బడికి గేటు, ఆ గేటుకో బోర్డు: ‘పల్లీలు, జీడిపప్పు, బాదం తేవద్దు’. అది పిల్లల డబ్బాలకేనట, క్యాంటీన్‌కి కాదట. లోపల ఇడ్లీకి పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, రెండింటికీ ఒకటే గరిటె. పల్లీ పడని మా పిల్ల, పాపం కొబ్బరిదే వేయించుకుంది. కాసేపటికి పెదవులు వాచి, మెడ మీదంతా దద్దుర్లు.

సిరప్ పోసి పడుకోబెట్టారు. దద్దుర్లకి సిరప్ సరే, గొంతు మూసుకుపోతే అదేం చేస్తుంది? అప్పుడు అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ బయటివైపు కండలోకి వెంటనే పడాలి. బట్టల మీంచైనా పొడవచ్చు. పెన్నులాంటి ఆ ఇంజెక్షన్ని మావాడు అమెరికా నుంచి తెప్పించి బడికిచ్చాడు. బీరువాలో భద్రంగా ఉంది. తాళంచెవి మాత్రం సెలవులో ఉన్న మేడమ్ దగ్గర! దద్దుర్లతో పోయింది కాబట్టి సరిపోయింది.

మర్నాటి నుంచి పిల్లకి మూలన వేరే బల్ల వేశారు. బడిలో కొందర్ని విడిగా కూర్చోబెట్టడం నా చిన్నప్పుడు చూశాను. ఎవర్నో, ఎందుకో చెప్పక్కర్లేదు. ఇన్నాళ్లకి మళ్ళీ పల్లీ పేరుతోనా?

మా హాస్టల్ వంటాయనకి ఎవరికి రొయ్యలు పడవో, ఎవరికి వంకాయ దురదో కంఠతా వచ్చు. అందరూ ఒకే బంతిలో కూర్చునేవాళ్ళం, ఆయన ఆ విస్తరి దగ్గర ఆ కూర దాటేసి వెళ్ళేవాడు. ఇప్పుడు అడ్మిషన్ ఫారంలో అలర్జీల గడి ఉంది. అందులో రాసింది వడ్డించే మనిషికి చెప్పే నాథుడే లేడు. అలాగని మా రోజులు బంగారమేం కాదు లెండి. తిన్న కాసేపటికి ఊపిరాడక పోయిన పిల్లాడికి గాలి సోకిందనో, పురుగు ముట్టిందనో అనేసి ఊరుకునేవాళ్ళం.

క్యాంటీన్ వాళ్ళ గొప్ప ఇంకోటుంది, వంటంతా గానుగ పల్లీనూనెతోనట. నాకూ ఆ వాసనంటే ప్రాణమే. కానీ అలర్జీ తెచ్చేది పల్లీలోని ప్రొటీన్. బాగా రిఫైన్ చేసిన నూనెలో అది దాదాపు పోతుంది, గానుగ నూనెలో మిగులుతుంది. ప్యాకెట్ సరుకులో వేరుశనగ ఉంటే లేబుల్ మీద వెయ్యాలని 2020 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. చట్నీ గిన్నెకి, బూరెల మూకుడికి లేబుల్ ఎవరంటిస్తారు?

బంధువులదింకో గోల: ‘కొంచెం కొంచెం పెట్టండి బాబాయ్, అదే అలవాటవుతుంది’. నెలల పిల్లలకే పల్లీ రుచి చూపిస్తే అలర్జీ రావడం బాగా తగ్గిందని లండన్ డాక్టర్లు 2015లో తేల్చిన మాట నిజమే. అది రాకముందు సంగతి. వచ్చేశాక డాక్టరు లేకుండా ఇంట్లో చేసే ప్రయోగం కాదు.

మొన్న ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళాను. ‘రెండో గరిటె నేనే కొనిస్తాను, ఆ ఇంజెక్షన్ క్లాసు టీచర్ దగ్గర పెట్టించండి, అది పొడవడం ఆయమ్మతో సహా అందరికీ నేర్పించండి’ అన్నాను. వచ్చే నెల మీటింగులో పెడతామన్నారు.