ఒక్కరోజు మెంబర్లు

అమెరికాలో పబ్లిక్ గోల్ఫ్ కోర్సుల ప్రకటనలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వెనక కొండ, ముందు చెరువు, మధ్యలో పచ్చిక. కింద ఒకటే ఊరింపు: కోర్సు అందరిదీ, మర్యాద మాత్రం కంట్రీ క్లబ్‌ది. ‘ఒక్కరోజు మెంబర్‌గా ఉండి చూడండి’ అని ఇంకాస్త చనువుగా పిలిచేవాళ్లూ ఉన్నారు.

ఆ మర్యాద కారు ఆగగానే మొదలవుతుంది. ఒక కుర్రాడు పరుగున వచ్చి, డిక్కీలోంచి బ్యాగు దించి, పాతిక అడుగుల అవతల ఉన్న బగ్గీకి కట్టి, కదలకుండా నిలబడతాడు. చేతిలో నాలుగు డాలర్లు పడ్డాక గానీ కదలడు. చొక్కాకు కాలర్ ఉండాలి, జీన్స్ పనికిరాదు. ఆ తర్వాత ఎనిమిది, పది నిమిషాలకో జట్టును, తిరుమలలో కంపార్ట్‌మెంట్లు వదిలినట్టు, మైదానంలోకి వదులుతారు. ముందు జట్టు కదిలేదాకా బగ్గీలో కూర్చుని కొండను చూడాల్సిందే. ప్రకటనలో ప్రకృతి అందాల గురించి అంతగా ఎందుకు రాశారో అప్పుడు బోధపడుతుంది.

ఇంతకీ కంట్రీ క్లబ్ మర్యాద అంటే ఏమిటి?

1882లో బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో పుట్టిన క్లబ్బు పేరే ‘ద కంట్రీ క్లబ్’. ఆ కోవలో తర్వాత వెలిసిన క్లబ్బులకు ఆట సగం పనైతే, గేటు దాటకూడనివాళ్లెవరో తేల్చడం మిగతా సగం. మాస్టర్స్ గోల్ఫ్ పోటీ జరిగే అగస్టా నేషనల్ తొలి నల్లజాతి సభ్యుణ్ని చేర్చుకున్నది 1990లో, తొలి మహిళలను 2012లో. అతిథి మర్యాదలో అంత నెమ్మది!

ఈ మర్యాదను పబ్లిక్ కోర్సుకు అంటుకట్టిన ఘనత నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోకూ దక్కాలి. ఊరి సొమ్ముతో నడిచే గిలెస్పీ పార్క్ కోర్సును నగరపాలకులు ఏడాదికి ఒక్క డాలర్ కౌలుకు ఒక క్లబ్బుకు రాసిచ్చారు. అంతటితో అందరి కోర్సు ‘మెంబర్లకు మాత్రమే’ అయింది. 1955 డిసెంబర్ 7న పళ్ల డాక్టర్ జార్జ్ సిమ్‌కిన్స్, మరో అయిదుగురు నల్లజాతివారు కౌంటర్ మీద తలా 75 సెంట్లు పెట్టి ఆటకు దిగారు. మెంబర్లు కాని తెల్లవాళ్లు డబ్బు కట్టి ఆడుతూనే ఉన్నారు. ఈ ఆరుగురికి మాత్రం అక్రమ ప్రవేశం కేసు బహుమతి. 1957లో ఫెడరల్ కోర్టు వారి వైపు తీర్పిచ్చింది. అది అమలయ్యేలోపే క్లబ్ హౌస్ తగలబడింది, నగరం కోర్సునే మూసేసింది. పొమ్మనలేక పొగబెట్టడం అన్న మాట అక్కడ చిన్నబోతుంది. మళ్లీ తెరిచింది 1962లో, అదే డిసెంబర్ 7న. తొలి దెబ్బ సిమ్‌కిన్స్‌దే.

ఇప్పుడు కౌలు కాగితాలతో పనిలేదు, రేటు చాలు. కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డున ఉన్న పెబుల్ బీచ్ కూడా పబ్లిక్ కోర్సే. ఒక్క ఆటకు ఫీజు 600 డాలర్లు దాటింది. ముందుగా బుక్ చేసుకోవాలంటే వాళ్ల రిసార్టులోనే దిగాలి. జనం రావచ్చు, జేబు ఒప్పుకోవాలంతే.

న్యూయార్క్ ప్రభుత్వానిదైన బెత్‌పేజ్ బ్లాక్‌లో ఈ మర్యాద ముసుగు లేదు. 2002లో యూఎస్ ఓపెన్ జరిగిన ఆ కోర్సులో ఆట మొదలయ్యే చోట ‘హెచ్చరిక’ అంటూ ఒక బోర్డు ఉంటుంది. ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడగలిగినవాళ్లే దిగడం మంచిదని దాని సారాంశం. ‘స్వాగతం’ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆట వంతు కోసం రాత్రంతా పార్కింగ్‌లో, కార్లలోనే పడుకున్న జనం తెల్లారాక ఆ బోర్డు పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగుతారు.