నాన్నగారు ఏం చేస్తారు? జవాబు మూడో పేజీలో

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కినా కన్సల్టెన్సీయే. గుమ్మం పక్కన ఫ్లెక్సీ, దాని నిండా పాస్‌పోర్టులు పట్టుకుని నవ్వుతున్న పిల్లలు. వీసా రానివాళ్లకూ ఫ్లెక్సీ కట్టాలంటే గోడ చాలదు కాబట్టి ఆ ఆచారం పెట్టుకోలేదు.

లోపల మాక్ ఇంటర్వ్యూ నడుస్తుంటుంది. అమెరికా వీసా ఆఫీసరు వేషంలో ఒక సారు. ఆయన అమెరికా చూశాడా అని అడక్కండి, రెండుసార్లు రిజెక్టవడమూ అనుభవమే. ఎదురుగా ఎమ్మెస్‌కు పోబోయే కుర్రాడు.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"ఎరువుల కొట్టు సార్."

"కొట్టు అంటావేంటి బాబూ! అగ్రి ఇన్‌పుట్స్ బిజినెస్ అను. మూడో పేజీ చూసుకో."

పుట్టిన దగ్గర్నుంచీ ఆ కొట్టు మీద వచ్చిన డబ్బుతో అన్నం తిన్నవాడు ఇప్పుడు ఫీజు కట్టి నాన్న ఎవరో బట్టీపడుతున్నాడు.

"ఈ యూనివర్సిటీయే ఎందుకు?" అన్నదానికీ జవాబు సిద్ధం. గొప్ప ఫ్యాకల్టీ, గొప్ప ల్యాబులు, గొప్ప రీసెర్చి. యూనివర్సిటీ పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలి, అందరికీ అదే పేపరు పంచుతారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడ్డ ప్రతివాడూ అదే పాఠం అప్పజెబుతుంటే, అవతల కూర్చున్నావిడకు గురువుగారి దస్తూరీ తెలియకుండా పోతుందా? మాట్లాడేది మహా అయితే నాలుగు నిమిషాలు. ఆవిడ పేపర్లో లేని ప్రశ్న ఒక్కటి వేసిందా, మొదటి సెమిస్టర్లో ఏం చదువుతావని అడిగిందా, మనవాడు తడుముకుని మళ్లీ ల్యాబుల దగ్గరికే వెళ్తాడు.

అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షనుంది. స్టూడెంట్ వీసాకు వచ్చినవాడు అక్కడే ఉండిపోయే రకం కాదని తానే రుజువు చేసుకోవాలి, అప్పటిదాకా ఉండిపోయేవాడి కిందే లెక్క. (ఆ చట్టమూ ధర్మరాజు రాసిందేం కాదు.) దీనికి మనవాళ్ల మందు, "చదువవగానే ఇండియా వచ్చేస్తాను మేడమ్" అన్న వాక్యం. కొడుకు ఈ వాక్యాన్ని వల్లెవేస్తుండగానే పక్క టేబుల్ దగ్గర తండ్రికి లెక్కలు చెబుతుంటారు: చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకునే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ కోర్సయితే ఇంకో 24, ఆపైన హెచ్‌1బీ లాటరీ, అప్పు ఎన్నేళ్లలో తీరుతుందో క్యాలిక్యులేటర్ మీద. తిరిగొస్తాడని ఒక టేబులు, రాడని ఇంకో టేబులు. రెంటికీ కలిపి రసీదు ఒక్కటే.

ఇంతకంటే తమాషా వీసా దరఖాస్తు, అంటే డీఎస్-160 ఫారం. అదీ వాళ్లే నింపుతారు. ఈ ఫారం నింపడంలో మీకెవరైనా సాయం చేశారా అని అందులోనే ఒక ప్రశ్న ఉంటుంది. నింపుతున్న సారే చక్కగా "లేదు" నొక్కేస్తాడు. చెప్పినవన్నీ నిజాలేనని పూచీపడేది మాత్రం కుర్రాడు. బ్యాంకు ఖాతాలో అద్దెకు తెచ్చిన లక్షలు చూపించమన్నదీ వీళ్లే. అబద్ధం బయటపడితే ఆ దేశంలో అడుగుపెట్టే అర్హతే జీవితాంతం పోవచ్చు. కన్సల్టెన్సీ మర్నాడు మామూలు టైముకే తెరుస్తారు.

వీళ్లకన్నా వీసాల దేవుడని పేరున్న చిలుకూరు బాలాజీ నయం. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాకే 108. హుండీ కూడా లేదు. ఇక్కడ పదకొండుకూ నూటెనిమిదికీ కలిపి అడ్వాన్సుగానే గుంజుతారు. వీసా రాకపోతే "నీ కాన్ఫిడెన్సే తక్కువైంది బాబూ, ఇంకో స్లాటు బుక్ చేద్దాం" అంటారు.

ఇంటర్వ్యూకు వెళ్లబోయే పిల్లలకు ఒక్క మాట. డీఎస్-160 మీరే కూర్చుని నింపుకోండి. చదవబోయే కోర్సు గురించి యూనివర్సిటీ వెబ్‌సైటులో మీరే చదువుకోండి. ఈ రెండు పనులకూ అమెరికా ఒక్క రూపాయి అడగదు. అది అడిగేది 185 డాలర్ల వీసా ఫీజు. వీసా వచ్చినా రాకపోయినా అది మాత్రం వెనక్కి రాదు.