మందు కలపని పెట్రోలు ఒక్క డబ్బా ఇప్పించండి

పెట్రోలులో ఏది ఎంత కలపాలో తేల్చే ఢిల్లీ పెద్దలకు, విశాఖపట్నం నుంచి ఒక మిషన్ రంపం సంరక్షకుడు నమస్కరించి రాయునది.

అయ్యా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా వీధి జనం మూడు రోజులు కూలిన చెట్లెక్కి దిగి తిరిగారు. అప్పుడు చందాలేసుకుని ఈ రంపం కొన్నాం. రిటైరై ఖాళీగా ఉన్నానని నా వరండాలో పడేశారు. తుపాను వస్తేనే దానికి పని. మిగతా రోజులు గోనెపట్టా కప్పుకుని పడుకుంటుంది, ఇంచుమించు నాలాగే.

మొన్న వానకి బాదం చెట్టు పడింది. రంపం తాడు నేను లాగాను, ఎదురింటబ్బాయి లాగాడు. కిక్కురుమనలేదు. మెకానిక్ ట్యాంకులోది గాజుసీసాలోకి వంచి వెలుగుకి పట్టాడు. పైన ఆయిలు కలిసిన ఆకుపచ్చ పెట్రోలు, అడుగున నీళ్లలా తేటగా మరొకటి.

"ఇదేంటి బాబూ?"

"ఇథనాల్, మాస్టారూ. డబ్బాలోకి వాన దిగింది. నీళ్లు దీన్ని వెంటేసుకుని కిందికి పోయాయి."

లీటరుకి 20 మిల్లీలీటర్ల చొప్పున నేను కొలిచి పోసిన టూటీ ఆయిల్ పైనే ఉండిపోయింది. పీల్చే గొట్టమేమో అడుగునుంచి పీలుస్తుంది. "స్టార్టవకపోవడమే మంచిదైంది. అయ్యుంటే పిస్టన్ పట్టేసేది" అన్నాడు.

మూత బిగించని తప్పు నాదే. కానీ పూర్వం రెండు చెంచాల నీళ్లు పడితే రెండు చెంచాల నీళ్లే ఉండేవి. ఇప్పుడు గ్లాసుడవుతున్నాయి.

స్కూటర్ల సంగతి నేనెత్తను. రోజూ తాగి రోజూ ఖర్చు చేసుకుంటాయి. పాత బళ్లలో 20, 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు మార్చుకోవాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ప్రకటించింది. మా రంపం పుట్టి ఒక్క కిలోమీటరూ నడవలేదు. దాన్ని ఏ లెక్కలో వేస్తారు?

పెట్రోలులో 2030 నాటికి అనుకున్న 20 శాతం ఇథనాల్‌ని 2025కే లాక్కొచ్చారు, సంతోషం. దానికోసం మొక్కజొన్న అమ్మే రైతుకి నాలుగు డబ్బులొస్తే నాకూ ఇష్టమే. నా బాధల్లా వేరు. 1957లో కాల్టెక్స్ పెట్టిన రిఫైనరీ మా మల్కాపురంలోనే ఉంది. అక్కడ పెట్రోలు శుద్ధంగానే పుడుతుంది. ట్యాంకర్లకెక్కించే డిపోలో మందు అలవాటు చేస్తున్నారు. పుట్టింటి ఊళ్లోనైనా, ఒక్క బంకులో, అలవాటు కాకముందుది అమ్మించండి. వీధికో లీటరు చాలు.

అక్టోబరు దగ్గర పడుతోంది. డబ్బా నేనే తెచ్చుకుంటాను. ఇనప డబ్బాయే, మూతకి కొత్త వాషరు కూడా వేయించాను.

ఇట్లు,
రంపం తరఫున