ఎనిమిది పైసల బల్ల

పొద్దున ఎనిమిదింటికి తాళం తీసిన చప్పుడు. ఆ తరవాత చీపురు, కిటికీ రెక్కలు, చివరికి నా వీపు మీద పేపర్ల బరువు. ఆ బరువును బట్టే ఊళ్లో డబ్బు ఎలా కదులుతోందో నాకు తెలుస్తుంది. ఒకప్పుడు రోజూ తొమ్మిది దినపత్రికలు పడేవి. ఆదివారం అనుబంధాలతో కలిపితే పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఉండేది. ఇప్పుడు మూడే. కోత అనే మాట నేను మనుషుల నోట వినకముందే నా వీపు తేలికైంది.

నేను శాఖా గ్రంథాలయంలో పత్రికలు చదువుకునే బల్లను. ఎనిమిదడుగుల పొడుగు, మూడున్నర అడుగుల వెడల్పు, ఆరు కాళ్లు, అంతా టేకు. మాది నగరపాలక సంస్థ ఉన్న ఊరు, కృష్ణ కాలువ నీళ్లు తాగే ఊరు. పేరు చెప్పను. ఈ కథ ఒక్క ఊరిదే అయితే చెప్పేదాన్ని.

నన్ను ఈ గదిలోనే చేశారు. గుమ్మం ఇరుకు. బయట చేసి తెస్తే లోపల పట్టదని తండ్రీ కొడుకులిద్దరు వడ్రంగులు చెక్కలు మోసుకొచ్చి ఇక్కడే చిత్రిక పట్టారు, ఇక్కడే కూసాలు దిగ్గొట్టారు. ఒక్క మేకు వాడలేదు. పని అయ్యాక కొడుకు నా మీద ఎక్కి నిలబడి రెండుసార్లు గట్టిగా తొక్కి చూశాడు. తండ్రి కేకలేశాడు: "దిగరా, అది చదువుకునే బల్ల!" నేను విన్న మొదటి మాట అదే.

అప్పటికి గ్రంథాలయ చట్టం వచ్చి కొన్నేళ్లే అయింది. 1960లో వచ్చింది. అంతకుముందు ఆంధ్ర ప్రాంతానికి 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకు 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. రెంటినీ కలిపి ఒక్కటి చేశారు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నా చుట్టూ కూర్చున్నవాళ్లు చెప్పుకుంటే విన్నాను. నాకు చదువు రాదు, విన్నదే చదువు.

ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. ఉదయం పూట పెద్దవాళ్ల రాజ్యం. పేపరును ఎవరూ మొత్తంగా చదవరు, విడదీసి పంచుకుంటారు. మొదటి పేజీ ఒకరికి, జిల్లా పేజీలు ఒకరికి, ఆటల పేజీ ఆటో స్టాండు కుర్రాళ్లకి. "అయిపోయిందా అండీ?" "ఒక్క నిమిషం, ఈ ముక్క ఉంది." రోజుకి వందసార్లు వింటాను ఈ మాట. ఎదురింటి గోడ పక్క ఇస్త్రీ బండి బాబాయికి అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. ఆయన పెట్టెలో బొగ్గులు రాజుకునేలోపు వచ్చి బెంచీ చివర కూర్చుంటాడు. పక్కనున్నవారు అడక్కుండానే పైకి చదువుతారు. ఒక మనిషి చదివితే ఐదుగురు వినడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన మర్నాటి నుంచి వారం రోజులు ఈ గదిలో కూర్చోవడానికి చోటు లేదు. నిలబడి, ఒకరి భుజాల మీంచి ఒకరు వంగి చూశారు. పోయినవాళ్లు వేలల్లో ఉన్నారని ఒకాయన గొంతెత్తి చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. పేపరు మీద తల పెట్టేశాడు. ఆ తడి నాలోకి ఇంకింది. వార్నీషు ఎన్నిసార్లు వేసినా ఆ చోట కొంచెం నల్లగానే ఉంటుంది.

సాయంత్రం పూట చదువుకునే పిల్లలు. కానిస్టేబులు పరీక్షకి ఒకరు, గ్రూప్-2కి ఒకరు, డీఎస్సీకి ఒకమ్మాయి. ఆ అమ్మాయి నాలుగేళ్లుగా నా తూర్పు కొసన, ఫ్యాను కింద కూర్చుంటోంది. వాళ్ల నాన్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్. అద్దెకున్నది ఒక్క గది. అందులో టీవీ, కుట్టు మిషను, తమ్ముడు, అమ్మమ్మ దగ్గు. ఇక్కడ ఆమెకి దొరికేది రెండడుగుల చెక్క, కాస్త నిశ్శబ్దం. పెన్సిలుతో రాసుకుంటుంది, రబ్బరుతో తుడిచేసి మళ్లీ అదే కాయితం మీద రాస్తుంది. ఆ తుడుపు నలక నా మీదే రాలుతుంది.

2020 మార్చిలో కరోనా వల్ల తాళం పడింది. ఎన్నో నెలలు చీకట్లో ఉన్నాను. మళ్లీ తీసినప్పుడు జనం వచ్చారు గానీ పేపర్లన్నీ రాలేదు. ముందు ఆరు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి నాలుగు, ఆ తరవాత మూడు. "చందా బిల్లు పాసవలేదటండీ" అంది లైబ్రేరియన్ గారు. ఆవిడ తప్పేం లేదు, ఆ మాట చెప్పడానికే సిగ్గుపడింది. వారపత్రికలు ఆగిపోయాయి. కొత్త పుస్తకాల కట్ట విప్పిన వాసన ఈ గదిలో రాక చాలాకాలమైంది. ఊడ్చే మనిషిని ఆపేశారు, ఇప్పుడు లైబ్రేరియన్ గారే కొంగు దోపుకుని ఊడుస్తుంది. ఆవిడకి ఇంకో శాఖ కూడా ఇన్‌చార్జి అప్పగించారు. అందుకని వారంలో మూడు సాయంత్రాలు తలుపు తెరుచుకోదు. ఆ సాయంత్రాలు నాలుగింటికి చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి, కాసేపు ఆగి, వెనక్కి వెళుతుంది. అందులో ఆ అమ్మాయి చెప్పులు నేను గుర్తుపడతాను. ఎడమదానికి బద్దీ వదులు.

ఒకరోజు రిటైరైన తెలుగు మాస్టారు ఇంటి పన్ను డిమాండు నోటీసు తెచ్చి నా మీద పరిచాడు. అమ్మాయిని పిలిచాడు.

"ఇది చదువమ్మా."

"గ్రంథాలయ పన్ను... ఇంత తక్కువా మాస్టారూ?"

"రూపాయికి ఎనిమిది పైసలు. రెండు వేల ఐదు వందల పన్నుంటే దాని మీద 200 రూపాయలు. ఊళ్లో ఇళ్లెన్ని? లెక్క కట్టు. మనం ఇక్కడికి ఊరికే రావట్లేదు, ముందే కట్టి వస్తున్నాం."

అమ్మాయి కాసేపు ఆగి అంది: "మా ఇంటిగలాయన కడతాడేమో గానీ, మేం కట్టం కదండీ."

"ఆయన ఎక్కణ్ణుంచి తెచ్చి కడతాడమ్మా? మీ నాన్న ఇచ్చే అద్దెలోంచే."

ఆ అమ్మాయి అప్పుడు కూర్చున్న తీరు మారింది. అంతదాకా బెంచీ అంచున కూర్చునేది, ఎవరైనా లెమ్మంటే లేవడానికి సిద్ధంగా. ఆ పూట వెనక్కి జరిగి, మోచేతులు రెండూ నా మీద ఆనించింది.

ఈ ఎనిమిది పైసల దారి చెప్పాలి. పన్ను వసూలు చేసేది పట్టణాల్లో మునిసిపాలిటీ, పల్లెల్లో పంచాయతీ. గ్రంథాలయ వాటాను వాళ్లు జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. శాఖల అద్దె, కరెంటు, పేపర్లు, పుస్తకాలు, ఫ్యాను బాగు ఈ నిధి మీదే నడవాలి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా ఇదే చట్టాన్ని తనదిగా తీసుకుంది. జనం కట్టడం వరకు జరుగుతోంది. ఏప్రిల్‌లో ముందుగా కడితే అయిదు శాతం తగ్గింపు అంటే వరసలో నిలబడి మరీ కడతారు. ఆ తరవాత డబ్బు కట్టించుకున్న చోటే ఆగిపోతుంది. ఎన్నో ఊళ్లలో ఇదే తంతు, ఏళ్ల తరబడి బకాయిలు. కోత అంటే మామూలుగా లేని డబ్బు కోసం చేసేది అనుకుంటాం. ఇది అలాంటిది కాదు. ఇది ఇచ్చేసిన డబ్బు.

ఆగిన డబ్బు ఎటు పోతుంది? దీని గురించి నేను చాలా ఆలోచించాను. పదిన్నరకి ఒక పారిశుద్ధ్య కార్మికురాలు వస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి వీధిలో దిగి, పని ముగించుకుని, చేతులు కడుక్కుని, మా వరండాలో కుండలో నీళ్లు తాగి ఐదు నిమిషాలు కూర్చుంటుంది. చదవదు. సినిమా పేజీలో బొమ్మలు చూస్తుంది, వెళ్లేముందు పేపరు మడిచి నా మీద నీటుగా పెడుతుంది. ఒక నెల ఆవిడ ఇస్త్రీ బాబాయితో అంది: "రెండు నెల్లయింది అన్నా, జీతం పళ్లేదు." పంపు మోటార్ల కరెంటు, వీధి దీపాలు, కార్మికుల జీతాలు, నగరానికి తప్పని ఖర్చులు ఎన్నో ఉన్నాయి. మా పేపర్ల డబ్బు ఏదో ఒక నెల ఆవిడ జీతంగా మారి ఉంటే నేను ఏడవను. కానీ ఆవిడకీ సరిగ్గా పడలేదు, మాకూ రాలేదు. ఆవిడా ఆ అమ్మాయీ ఒకే కుండలో నీళ్లు తాగేవాళ్లు. ఒకరి వాటా తీసి ఇంకొకరికి సర్దే పరిస్థితి ఎందుకొచ్చిందని అడగాల్సిన చోట ఎవరూ అడగడం లేదు.

వైశాఖంలో ఫ్యాను కాలిపోయింది. కాయిలు చుట్టించడానికి మంజూరు కావాలి, మంజూరుకి కాయితం వెళ్లాలి, కాయితం వెళ్లింది. మూడు నెలలు. అమ్మాయి చున్నీ తడిపి మెడకి చుట్టుకుని చదివింది. చెమట చుక్కలు నా మీద పడితే మోచేత్తో తుడిచేది, పుస్తకం మీద పడితే ఊదేది. చివరికి బాబాయి ఒక సత్తు గిన్నె తెచ్చి నా మధ్యలో పెట్టాడు. "తలా పదీ ఇరవై వెయ్యండి. ఇక ఎదురుచూసేది లేదు." నాణేలు పడుతుంటే నా ఒళ్లంతా మోగింది. ఫ్యాను తిరిగింది. మాస్టారు తన ఇంటికి వచ్చే పేపరు చదివేసి తొమ్మిదింటికి ఇక్కడ పెట్టడం మొదలుపెట్టాడు. టిఫిన్ సెంటరాయన సాయంత్రం తన పేపరు పంపిస్తున్నాడు, మడతల మీద చట్నీ మరకలతో.

అందరూ సంతోషించారు. మాస్టారు మాత్రం గిన్నె వంక చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అమ్మాయితో అన్నాడు:

"1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు గ్రంథాలయాల కోసం ఊరూరా తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణ కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు, ఒడ్డున ఉన్న ఊళ్లకి. అదంతా చందాలతోనే. చందాల మీద ఎంతకాలం బతుకుతుంది, దీనికో చట్టం కావాలి, ఒక రాబడి కావాలి అని పెద్దలు పోరితే పోరితే ఈ ఎనిమిది పైసలు వచ్చాయి. పన్ను కట్టి, మళ్లీ గిన్నె పట్టుకున్నామా మనం?"

"మరి ఫ్యాను తిరగాలి కదండీ మాస్టారూ."

"తిరగాలమ్మా. తిరగాలి. అదే నా బాధ. అది తిరుగుతోంది కాబట్టి అక్కడ ఫైల్లో ఇబ్బంది లేదని రాసుకుంటారు."

ఇద్దరూ చెప్పింది నిజమే. నేను ఇద్దరి మోచేతులూ మోశాను. ఆ గిన్నెను నేను కాదనలేను, దాన్ని మోస్తున్నందుకు గర్వపడనూ లేను.

సోమవారం ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. మాస్టారు, అమ్మాయి, బాబాయి ముగ్గురూ వెళ్లారు. అర్జీ రాసింది నా మీదే. అమ్మాయి చేతిరాత, మాస్టారి మాటలు, కింద నలభై ఒక్క సంతకాలు, బాబాయి వేలిముద్ర వద్దని పట్టుబట్టి కూడబలుక్కుంటూ పేరు రాశాడు. పారిశుద్ధ్యం ఆవిడా సంతకం చేసింది. రసీదు నంబరు ఇచ్చారు. రెండోసారి వెళితే పరిశీలనలో ఉందన్నారు. మూడోసారి వెళితే సీటు మారిందన్నారు, మళ్లీ మొదటినుంచీ చెప్పమన్నారు. చెప్పి వచ్చారు.

పోయిన నెల గ్రంథాలయం ఉన్న ఇంటి యజమాని తరఫున ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. అద్దె పడక చాలా నెలలైందట. మర్యాదస్తుడే, గట్టిగా మాట్లాడలేదు. బీరువాలు కొలిచాడు, కుర్చీలు లెక్కపెట్టాడు, నా పొడుగూ వెడల్పూ కొలిచి గుమ్మం కొలిచాడు. మళ్లీ నన్ను కొలిచాడు.

"ఇది ఎలా వచ్చిందమ్మా లోపలికి?"

"రాలేదండీ, ఇక్కడే చేశారు" అంది లైబ్రేరియన్ గారు.

"మరి తియ్యాలంటే?"

"కాళ్లు కొయ్యాలి."

ఆయన చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తూర్పు కొసన అమ్మాయి తలెత్తలేదు గానీ పెన్సిలు ఆగిపోయింది. ఆయన వెళ్లాక కూడా కాసేపు కదల్లేదు. తరవాత తన పుస్తకం మూసి, రబ్బరు నలక అరచేత్తో ఒకచోటికి పోగుచేసి, కిటికీలోంచి బయట పడేసి, సంచిలోంచి ఇంకో తెల్లకాయితం తీసింది. పైన తేదీ వేసి, "గౌరవనీయులైన" అని మొదలుపెట్టింది. మళ్లీ అర్జీ. గట్టిగా నొక్కి రాస్తోంది, అక్షరాలు కాయితం దాటి నా చెక్కలో దిగుతున్నాయి.