రైల్వే మామిడి, నా వాండా

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరటి మామిడిచెట్టు రైల్వేది, కాయలు వీధి పిల్లలవి. మనకు మిగిలేది కొమ్మ. ఆ కొమ్మమీదే నా వాండా ఆర్కిడ్ కాపురం.

మా ఆవిడది శ్రీకాకుళం. మొక్కని చూడగానే, “ఏటండీ ఇది, మట్టి నేదు, కుండీ నేదు, దీనికి కూడెవులు పెడతారు?” అంది. ఎవరూ పెట్టక్కర్లేదు. వేళ్ళ చుట్టూ తెల్లటి మెత్తని తొడుగుంటుంది. వాననీళ్ళు, గాలిలో తేమ, బెరడుమీద చేరిన దుమ్మూధూళీ, వాటిలోంచి అది పీల్చుకున్నదే భోజనం. తడిపినప్పుడు వేళ్ళు పచ్చబడితే కడుపు నిండినట్టు. చెట్టు రసం ఒక్క చుక్క ముట్టదు.

పక్కింటి బెంగాలీ బౌదీ నమ్మలేదు. “దాదా, పొరగాఛా! మామిడి చచ్చిపోతుంది” అంది, అంటే పరాన్నజీవి అని. ఊళ్ళో మా అత్తయ్య ఫోన్లోనే “బదనిక” అని తేల్చేసింది. రెండు రాష్ట్రాలూ కలిసి పెట్టిన కేసులో మొక్క తరఫు వకీలుని నేనొక్కణ్ణే.

నిజానికి దాని వంశం పెద్దది. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, కోరమండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకంలో 1795లో దీన్ని వర్ణించాడు. అప్పటికే, 1793లో, ఆయనకి హౌరా పక్కన శిబ్‌పూర్ తోటలో ఉద్యోగం వచ్చేసింది. మన తెలుగువాళ్ళు బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకని ఇటు రావడానికి వందేళ్ళ ముందే వచ్చినవాడు. పాపం, పాసు లేదు.

పెంచడం తేలికే. వేళ్ళు బెరడు పట్టేదాకా పాత నూలుచీర పీలికతో కొమ్మకి కట్టాలి. ‘పాత’ అన్న మాట ముఖ్యం. ఆ విషయం మా ఇంట్లో చాలాసేపు చర్చకొచ్చింది. చెట్టు లేనివాళ్ళకి చెక్కబుట్ట, కట్టెబొగ్గు, ఇటుక ముక్కలు చాలు. ఎర్రమట్టి సెగలు కక్కే మే నెలలో రెండుపూటలా తడపాలి, చలికాలంలో తగ్గించాలి. ఆకుల నడుమ నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది. ఎరువు మాత్రం పెళ్ళిలో ఆఖరి పంక్తికొచ్చే చారంత పలచన.

గోధుమరంగు గళ్ళ రేకులు, ఊదా పెదవి, పైగా సువాసన. పూసిన వారమే బౌదీ వచ్చి ఫోటో తీసుకుని, “మా మామిడికీ ఒకటి కట్టరా దాదా” అంది. చెట్టు చచ్చిపోదా అని అడగబోయి, చేతిలో రసగుల్లాల గిన్నె చూసి ఊరుకున్నాను.

ఇక రిటైర్మెంటు. క్వార్టర్ అప్పగించేటప్పుడు ఫ్యాన్లు, తాళాలు లెక్కచూస్తారు గానీ వాండా ఏ లిస్టులోనూ ఉండదు. తీసుకెళ్దామంటే వేళ్ళు బెరడుని వదలవు. లాగితే తెగుతాయి, ఆపైన మొక్క చాన్నాళ్ళు అలుగుతుంది. కాబట్టి సర్వీసులో ఉన్నవాళ్ళకి నా మనవి: అడవిచెట్టు మీదది పీక్కురాకండి, నర్సరీలో కొనండి. కొన్నదాన్ని రైల్వే చెట్టుకి కట్టకండి, బుట్టలో వేలాడదీయండి. సామాన్ల వ్యాన్లో డ్రైవరు పక్క సీటు మాత్రం దానికే ఉంచండి. మీరు వెనక కూర్చోవచ్చు.